కెమెరా ధరలో ఏముంది? - ఉత్పత్తి ఖర్చులు, అమ్మకం పన్నులపై ఒక పాఠం



వసతి గృహంలో చదివే ప్రతి ఒక్కరం ఏడాదికి ఒకటి రెండు సార్లయినా ఫోటో స్టూడియోకు వెళతాం. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఫోటో, పదవ తరగతి పరీక్ష ఫారానికి ఫోటో, బస్‌పాస్‌కు ఫోటో, వార్షికోత్సవానికి గ్రూప్ ఫోటో. చిన్న స్టూడియోలో బిల్లు ఇవ్వరు, మనమూ అడగం. "మనకు సంపాదనే లేదు, మనం పన్నెక్కడ కడుతున్నాం?" అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఫోటో కోసం మనం ఇచ్చిన డబ్బులో కొంత భాగం ప్రభుత్వ ఖజానాకు ముందే చేరి ఉంటుంది. అది ఏ దారిలో చేరింది, ఎంత చేరింది అన్నది తెలుసుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇందుకు కెమెరానే ఎందుకు ఎంచుకున్నాను అంటే రెండు కారణాలున్నాయి. ఒకటి, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల్లో చదువు మధ్యలో ఆగిన యువకులు ఎందరో పెళ్ళిళ్ళ ఫోటోలు, వీడియోలు తీసి బతుకుతున్నారు. వాళ్ళకు పొలం లేదు, దుకాణం లేదు. కెమెరానే పెట్టుబడి. రెండు, ఇంటర్‌లో, డిగ్రీలో మనం బట్టీ పట్టే స్థిర వ్యయం, పరోక్ష పన్ను, వ్యాకోచత్వం వంటి మాటలన్నీ ఒక్క కెమెరా ధరలో కళ్ళకు కట్టినట్టు కనిపిస్తాయి.

1. ధర అంటే ఏమిటి?

ఏ వస్తువు ధరనైనా విడదీస్తే అయిదు భాగాలు కనిపిస్తాయి. (1) తయారు చేయడానికి అయిన ఖర్చు. (2) ఫ్యాక్టరీ నుంచి మన దగ్గరికి తేవడానికి అయిన రవాణా, బీమా ఖర్చు. (3) విదేశీ వస్తువు అయితే దిగుమతి సుంకం. (4) దిగుమతిదారు, డీలరు, దుకాణదారు తీసుకునే లాభం. (5) అమ్మకంపై పన్ను. దుకాణంలో మనకు కనిపించేది ఒకే అంకె. పెట్టె మీద ముద్రించిన గరిష్ఠ చిల్లర ధరలో పన్నులన్నీ కలిసే ఉంటాయి.

2. ఉత్పత్తి వ్యయం

కెమెరాలో అత్యంత ఖరీదైన భాగాల్లో ఒకటి సెన్సార్. పాతకాలం కెమెరాలో ఫిల్మ్ చేసిన పని ఇప్పుడు సెన్సార్ చేస్తుంది. దీన్ని సిలికాన్‌తో చేసిన పలుచని గుండ్రటి బిళ్ళ మీద తయారు చేసి, తర్వాత ముక్కలుగా కోస్తారు. బిళ్ళ వ్యాసం 300 మిల్లీమీటర్లు అనుకుందాం. దాని వైశాల్యం సుమారు 70,686 చదరపు మిల్లీమీటర్లు.

'ఫుల్ ఫ్రేమ్' అనే పెద్ద సెన్సార్ కొలత 36 x 24 మిల్లీమీటర్లు, అంటే 864 చదరపు మిల్లీమీటర్లు. గుండ్రటి బిళ్ళలో నలుచదరపు ముక్కలు కోస్తే అంచుల్లో వృథా పోతుంది కాబట్టి ఒక బిళ్ళకు 60 దాకా మాత్రమే వస్తాయి. మన పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్లు మొదట కొనే కెమెరాల్లో ఉండే మధ్యరకం సెన్సార్ సుమారు 23.5 x 15.6 మిల్లీమీటర్లు ఉంటుంది. అవి 150 దాకా వస్తాయి. జేబులో పట్టే చిన్న కెమెరాల సెన్సార్లు అయితే 2,300 దాకా వస్తాయి.

ఇప్పుడు అసలు విషయం. తయారీలో దుమ్ము కణమో, మరో లోపమో ఏర్పడితే అది ఉన్న ముక్క పనికిరాదు. వెడల్పాటి పళ్ళెంలో హల్వా పరిచామనుకోండి. అందులో 20 చోట్ల చీమలు పడ్డాయి. పెద్ద ముక్కలుగా కోస్తే ఎక్కువ హల్వా పారేయాలి. చిన్న ముక్కలుగా కోస్తే తక్కువ పారేస్తే చాలు. సెన్సార్ కూడా అంతే. లెక్క కోసం ఒక బిళ్ళ తయారీకి 2 లక్షల రూపాయలు అయిందని, దానిలో 20 లోపాలు 20 వేర్వేరు ముక్కల మీద పడ్డాయని అనుకుందాం.

పెద్ద సెన్సార్లు: 60లో 20 పోగా 40 మిగిలాయి. ఒక్కోదానికి రూ. 5,000.
మధ్యరకం సెన్సార్లు: 150లో 20 పోగా 130 మిగిలాయి. ఒక్కోదానికి సుమారు రూ. 1,538.
చిన్న సెన్సార్లు: 2,300లో 20 పోగా 2,280 మిగిలాయి. ఒక్కోదానికి సుమారు రూ. 88.

పెద్ద సెన్సార్ వైశాల్యం మధ్యరకం కన్నా రెండున్నర రెట్లు లోపే. కానీ ఖర్చు మూడు రెట్లు దాటింది. పెద్ద సెన్సార్ ఉన్న కెమెరా ధర అంత ఎక్కువగా ఉండడానికి ఇది ఒక కారణం. ఇందులో పన్ను పాత్ర ఇంకా మొదలు కాలేదని గమనించాలి.

తర్వాతది లెన్స్. మంచి లెన్సులో పది, పదిహేను గాజు పలకలు కూడా ఉంటాయి. ఒక్కో పలకను అరగదీసి, మెరుగుపెట్టి, పూత పూసి, వెంట్రుకవాసి తేడా లేకుండా వరుసగా బిగించాలి. తక్కువ పలకలతో, ప్లాస్టిక్ గొట్టంతో చేసే 50 మిల్లీమీటర్ల చిన్న లెన్స్ చవకగా దొరుకుతుంది. చీకట్లో కూడా దూరం నుంచి తీయగల పెద్ద లెన్స్ ధర ఒక్కోసారి కెమెరా ధరను మించుతుంది.

మూడవది స్థిర వ్యయం. పుస్తకంలో చదివాం - ఉత్పత్తి పెరిగినా తగ్గినా మారని ఖర్చు స్థిర వ్యయం. కొత్త కెమెరా నమూనా రూపొందించడానికి 100 కోట్లు అయిందనుకుందాం. 10 లక్షల కెమెరాలు అమ్ముడైతే ఒక్కో కెమెరా మీద పడేది రూ. 1,000. లక్ష కెమెరాలే అమ్ముడైతే అదే భారం రూ. 10,000. ఇది ఊహించిన లెక్క. కానీ ప్రపంచంలో జరిగింది ఇలాంటిదే. 2010లో జపాన్ కంపెనీలు ప్రపంచమంతటికీ 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు పంపాయి. 2023 నాటికి ఆ సంఖ్య 80 లక్షల లోపుకు పడిపోయింది. కారణం మనందరికీ తెలిసిందే, ఫోన్. ఫోన్లో కెమెరా వచ్చాక చిన్న కెమెరాలు కొనేవాళ్ళు లేకుండా పోయారు. మిగిలిన కొద్ది లక్షల మంది మీద స్థిర వ్యయమంతా పడింది. పన్ను తగ్గిన సంవత్సరాల్లో కూడా కెమెరాలు మనం ఆశించినంత చవక కాకపోవడానికి ఇది పెద్ద కారణం.

ప్రకృతి వైపరీత్యాలు కూడా ఖర్చును మారుస్తాయి. 2011 అక్టోబర్‌లో థాయిలాండ్ వరదల్లో అయుత్తయలోని నికాన్ ఫ్యాక్టరీ నీట మునిగింది. 2016 ఏప్రిల్‌లో జపాన్‌లోని కుమమోటో భూకంపంతో అక్కడి సోనీ సెన్సార్ ఫ్యాక్టరీ ఆగిపోయింది. ఎక్కడో నీళ్ళు వస్తే ఇక్కడ హన్మకొండ దుకాణంలో "స్టాక్ లేదు" అంటారు. సరఫరా తగ్గితే ధర పెరుగుతుందన్న సూత్రం అదే.

నాలుగవది రూపాయి విలువ. 2008 మొదట్లో ఒక డాలరుకు 40 రూపాయల లోపే ఉండేది. 2022లో అది 80 దాటింది. కెమెరా విదేశీ ధర ఒక్క డాలరు కూడా పెరగకపోయినా, మన చేతి నుంచి ఇచ్చే రూపాయలు రెట్టింపయ్యాయి. పన్ను కూడా ఆ పెరిగిన రూపాయల మీదే పడుతుంది.

మన దేశంలోనే తయారు చేసుకోవచ్చు కదా అని అడగవచ్చు. ఆ ప్రయత్నం జరిగింది. 1960లో తమిళనాడులోని ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ అనే ప్రభుత్వ రంగ సంస్థ ఏర్పడింది. 'ఇందు' పేరుతో ఫిల్మ్ అమ్మింది. బరోడాలో ఆగ్ఫా క్లిక్ కెమెరా తయారైంది. కానీ ఫిల్మ్‌కు వెండి కావాలి, వెండి ధర ప్రపంచ మార్కెట్లో 1980 జనవరిలో లాగా ఒక్కసారిగా ఎగసిపడుతుంది. పెద్ద ఎత్తున తయారు చేసే విదేశీ కంపెనీలతో పోటీ వచ్చింది. తర్వాత డిజిటల్ వచ్చి ఫిల్మే అక్కర లేకుండా చేసింది. ఊటీ సంస్థ 1990లలోనే ఖాయిలా పడింది. ఫిల్మ్ వ్యాపారాన్ని పెంచిన కొడక్ కంపెనీయే 2012 జనవరిలో దివాలా రక్షణ కోరింది. మొదటి డిజిటల్ కెమెరాను 1975లో తయారు చేసింది కూడా అదే కంపెనీ ఇంజనీరు స్టీవెన్ సాసన్ కావడం విశేషం.

3. అమ్మకం పన్ను - మన ప్రాంత చరిత్ర

అమ్మకం పన్ను మన తెలుగువాళ్ళకు కొత్తది కాదు. 1939లో రాజాజీ ప్రభుత్వం మద్రాసు ప్రెసిడెన్సీలో సాధారణ అమ్మకం పన్ను చట్టం తెచ్చింది. మద్యనిషేధం వల్ల తగ్గిన ఆదాయాన్ని పూడ్చుకోవడం దాని ఉద్దేశాల్లో ఒకటి. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనే ఉన్నాయి. మన తెలంగాణలో 1950లో హైదరాబాద్ సాధారణ అమ్మకం పన్ను చట్టం వచ్చింది. రాష్ట్రాలు కలిశాక ఈ రెండింటి స్థానంలో 1957లో ఆంధ్రప్రదేశ్ సాధారణ అమ్మకం పన్ను చట్టం వచ్చింది.

ఆ పద్ధతిలో ఒక ఇబ్బంది ఉండేది. పన్ను మీద పన్ను పడేది. ఫ్యాక్టరీ దగ్గర కట్టిన ఎక్సైజ్ సుంకం ధరలో కలిసిపోయేది. ఆ మొత్తం మీద మళ్ళీ అమ్మకం పన్ను పడేది. దీన్ని సరిచేయడానికి 2005 ఏప్రిల్ 1 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విలువ ఆధారిత పన్ను, అంటే వ్యాట్ మొదలైంది. దీనిలో వ్యాపారి తాను కొన్నప్పుడు కట్టిన పన్నును, అమ్మినప్పుడు వసూలు చేసిన పన్నులోంచి మినహాయించుకుంటాడు. ప్రత్యేక పట్టికల్లో లేని సామాన్లపై రేటు మొదట 12.5 శాతం. 2010లో 14.5 శాతం అయింది. అయితే వేరే రాష్ట్రం నుంచి సరుకు తెస్తే కట్టే కేంద్ర అమ్మకం పన్నుకు ఈ మినహాయింపు లేదు. అది ధరలోనే ఉండిపోయేది.

2017 జూలై 1న వస్తు సేవల పన్ను, అంటే జి.ఎస్.టి. వచ్చింది. డిజిటల్ కెమెరాలను విలాస వస్తువుల వరుసలో 28 శాతం శ్లాబులో పెట్టారు. ఊళ్ళో పెళ్ళి ఫోటో తీసి బతికేవాడి పనిముట్టు, పెద్ద కారు ఒకే వరుసలో చేరాయి. 2018 డిసెంబర్ 22న జరిగిన జి.ఎస్.టి. మండలి 31వ సమావేశం డిజిటల్ కెమెరాలు, వీడియో కెమెరాల రేటును 18 శాతానికి తగ్గించింది. 2019 జనవరి 1 నుంచి అది అమలైంది. మరోవైపు 2020 ఏప్రిల్ 1 నుంచి మొబైల్ ఫోన్లపై పన్ను 12 నుంచి 18 శాతానికి పెరిగింది. అంటే ఫోన్, కెమెరా ఒకే రేటుకు వచ్చాయి. 2025 సెప్టెంబర్ 22న శ్లాబులు మారినప్పుడు కూడా కెమెరా రేటు 18 శాతంగానే ఉంది. మన రాష్ట్రంలోనే కొంటే బిల్లులో 9 శాతం కేంద్రానికి, 9 శాతం రాష్ట్రానికి అని రెండు వరుసలు కనిపిస్తాయి.

ఒక చిన్న లెక్క చేద్దాం. పన్నుకు ముందు ధర రూ. 50,000.

28 శాతం ఉన్నప్పుడు: 50,000 + 14,000 = రూ. 64,000.
18 శాతం అయ్యాక: 50,000 + 9,000 = రూ. 59,000.

పన్ను 10 శాతం తగ్గింది కాబట్టి ధర కూడా 10 శాతం తగ్గాలని అనుకుంటాం. తగ్గింది 5,000. 64,000లో అది సుమారు 7.8 శాతం మాత్రమే. పోటీ పరీక్షల్లో ఇలాంటి ప్రశ్నలు వస్తాయి, గుర్తుంచుకోండి. పైగా ఈ తగ్గింపు కొనేవారికి చేరాలంటే కంపెనీ అసలు ధరను పెంచకుండా ఉండాలి. అందుకోసమే జి.ఎస్.టి. చట్టంలో 171వ సెక్షన్ పెట్టారు. పన్ను తగ్గితే ఆ లాభం వినియోగదారుడికి ఇవ్వాలని అది చెబుతుంది. అయితే 2025 ఏప్రిల్ 1 నుంచి దాని కింద కొత్త ఫిర్యాదులు తీసుకోవడం ఆగిపోయింది.

4. దిగుమతి సుంకం - అరగంట కథ

సుంకం ధరనే కాదు, వస్తువు రూపాన్ని కూడా మారుస్తుందనడానికి కెమెరా మంచి ఉదాహరణ. చాలా ఏళ్ళు మంచి కెమెరాలు కూడా వీడియోను 29 నిమిషాల 59 సెకన్లకు ఆపేసేవి. పెళ్ళిలో తలంబ్రాల సమయంలో వీడియో ఆగిపోతే మళ్ళీ మీట నొక్కాల్సి వచ్చేది. దీనికి ఒక ముఖ్య కారణం యూరప్ సుంకాల పద్ధతి. అప్పట్లో అక్కడ స్టిల్ కెమెరాకు సుంకం ఉండేది కాదు, వీడియో కెమెరాకు ఉండేది. అరగంట, ఆపైన ఆగకుండా తీస్తే వీడియో కెమెరా కింద లెక్క. సుంకం తప్పించుకోవడానికి కంపెనీలు కెమెరానే అరగంట లోపు ఆగేట్లు చేశాయి.

మన దేశంలోనూ ఇలాంటి వివాదమే వచ్చింది. డిజిటల్ స్టిల్ కెమెరాలకు ఉన్న సుంకం మినహాయింపు, అరగంట వీడియో తీయగల కెమెరాలకు వర్తించదని 2012 మార్చిలో వివరణ ఇచ్చారు. ఆ నెలలో దిగుమతైన కెమెరాలపై మొదలైన కానన్ ఇండియా కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2021 మార్చి 9న కోర్టు కంపెనీ పక్షాన తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు కెమెరా గురించి కాక, నోటీసు ఇచ్చిన అధికారులకు ఆ అధికారం ఉందా లేదా అన్న అంశం మీద వచ్చింది. 2024 నవంబర్ 7న పునస్సమీక్షలో ఆ అధికారం ఉందని కోర్టు చెప్పింది.

సుంకం మీద పన్ను ఎలా పేరుకుంటుందో చూడండి. దిగుమతి విలువ రూ. 40,000 ఉన్న ఒక పరికరానికి 10 శాతం సుంకం ఉందనుకుందాం. సుంకం రూ. 4,000. ఆ సుంకంలో పదో వంతు సాంఘిక సంక్షేమ సర్‌చార్జి, అంటే రూ. 400. మొత్తం 44,400. దీని మీద 18 శాతం జి.ఎస్.టి. రూ. 7,992. కలిపితే రూ. 52,392. సుంకమే లేకపోతే అది రూ. 47,200 అయ్యేది. 4,000 సుంకం చివరికి 5,192 భారం అయింది.

5. ఒకే కెమెరా, రెండు ధరలు

ఇది ఈ పాఠంలో ముఖ్యమైన భాగం. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కడినే. అందువల్ల కరెంటు బిల్లు, బ్యాంకు నోటీసు, దుకాణం రసీదు ఏది వచ్చినా చదవమని నా దగ్గరికి తెస్తారు. మా మేనమామ మహబూబాబాద్ చుట్టుపక్కల ఊళ్ళల్లో పెళ్ళిళ్ళకు ఫోటోలు తీస్తాడు. ఒకసారి కెమెరా బిల్లు చూపించి, "పెద్ద స్టూడియో వాళ్ళకు పన్ను వాపసు వస్తదంట, నాకెందుకు రాదు అల్లుడూ?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు ఇక్కడ అందరికీ ఉపయోగపడేలా లెక్కతో ఇస్తున్నాను. అంకెలు ఉదాహరణకు తీసుకున్నవి.

కెమెరా, లెన్స్ కలిపి పన్నుకు ముందు ధర రూ. 1,00,000. పన్ను రూ. 18,000. బిల్లు రూ. 1,18,000. హైదరాబాద్‌లోని పెద్ద స్టూడియో, మన ఊరి ఫోటోగ్రాఫర్ ఇద్దరూ ఇదే బిల్లు కట్టారు. స్టూడియో జి.ఎస్.టి.లో నమోదైంది. అది తన ఖాతాదారుల నుంచి వసూలు చేసే పన్నులోంచి ఈ 18,000 మినహాయించుకుంటుంది. దీన్ని ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ అంటారు. కాబట్టి దానికి కెమెరా పడింది లక్ష రూపాయలకే. సేవలు అందించేవారి వార్షిక రాబడి 20 లక్షల లోపు ఉంటే నమోదు తప్పనిసరి కాదు. మన ఊరి ఫోటోగ్రాఫర్ రాబడి ఏడాదికి 4 లక్షలు. అతడు నమోదు కాలేదు. మినహాయింపు లేదు. అతనికి కెమెరా పడింది 1,18,000కు.

అయితే అతను కూడా స్వచ్ఛందంగా నమోదు చేసుకోవచ్చు కదా? లెక్క చూద్దాం. పెళ్ళివాళ్ళు ఒప్పుకున్న రేటు కన్నా ఎక్కువ ఇవ్వరు. కాబట్టి 4 లక్షల్లోంచే పన్ను తీయాలి. 4,00,000 x 18 / 118 = రూ. 61,017. ఆ ఏడాది ఆల్బమ్‌లు, ప్రింట్లు వగైరాకు రూ. 80,000 పెట్టి, దానిపై 14,400 పన్ను కట్టాడనుకుందాం. కెమెరా పన్ను 18,000తో కలిపి మినహాయింపు రూ. 32,400. అయినా ఇంకా రూ. 28,617 ప్రభుత్వానికి కట్టాలి. కెమెరా కొనని ఏడాది అయితే రూ. 46,617 కట్టాలి. పైగా రిటర్నులు దాఖలు చేయడానికి మనిషిని పెట్టుకోవాలి. అందుచేత చిన్న ఫోటోగ్రాఫర్‌కు నమోదు కాకపోవడమే మేలు.

దీని నుంచి తెలిసేది ఏమిటి? పరిమితి లోపు ఉన్నవాడికి పన్ను లేదనడం సగం నిజమే. అతని కష్టం మీద పన్ను లేదు. అతని పనిముట్ల మీద, సామాను మీద ఉంది. ఆ రూ. 32,400 అతను తన పేరు ఏ రికార్డులోనూ ఎక్కకుండా కట్టాడు. స్టూడియో మెట్ల మీద నిలబడి పాస్‌పోర్టు సైజు ఫోటోకు డబ్బులు ఇచ్చే విద్యార్థి కూడా అందులో తన వంతు ఇస్తున్నాడు. పేదవాళ్ళు పన్ను కట్టరు, పన్ను కట్టేవాళ్ళ సొమ్ము తింటారు అని ఎవరైనా అన్నప్పుడు మనం చెప్పాల్సిన జవాబు ఇదే. మన హాస్టల్ భోజనంలో మన ఇళ్ళవాళ్ళు కట్టిన పన్ను కూడా ఉంది.

6. భారం ఎవరి మీద?

పన్ను చట్టం ప్రకారం ఎవరు కడతారు అన్నది ఒకటి, చివరికి ఎవరు మోస్తారు అన్నది మరొకటి. దీన్ని పన్ను భారం అంటాం. ధర పెరిగినా కొనక తప్పనివాడి మీద భారం ఎక్కువ పడుతుంది. డిమాండ్ వ్యాకోచత్వం అంటే ఇదే. ముహూర్తాలు జోరుగా ఉన్న నెలలో కెమెరా పాడైతే ఫోటోగ్రాఫర్ మూఢం వచ్చేదాకా ఆగలేడు. అడ్వాన్సులు తీసుకున్నాడు. ఏ ధరకైనా కొంటాడు. మేడారం జాతరకు ముందు కూడా ఇదే పరిస్థితి. సరదాకు కొనేవాడు అయితే పండుగ ఆఫర్ దాకా ఆగుతాడు.

భూపాలపల్లి వాసికి ఇంకో భారం ఉంది. కంపెనీ సర్వీసు కోసం హైదరాబాద్ పోవాలంటే 200 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. ఊరికి రైలు లేదు. జనగామ వాసి పొద్దున రైలెక్కి సాయంత్రానికి ఇల్లు చేరతాడు. పెట్టె మీద ధర ఇద్దరికీ ఒకటే అయినా ఖర్చు ఒకటి కాదు.

ఇక పెళ్ళివారి మీద పడేది ఎంత? కొన్ని నమూనాలకు షట్టర్ ఆయుష్షు లక్ష క్లిక్కులని కంపెనీలు చెబుతాయి. 59,000 కెమెరాను లక్షతో భాగిస్తే ఒక క్లిక్కుకు 59 పైసలు. అందులో పన్ను 9 పైసలు. ఒక పెళ్ళికి 2,000 క్లిక్కులు అనుకుంటే కెమెరా ఖర్చు రూ. 1,180, అందులో పన్ను రూ. 180. పాత 28 శాతం అయితే పన్ను రూ. 280 అయ్యేది. తేడా వంద రూపాయలు. ఆ వంద కోసం ఏ ఫోటోగ్రాఫరూ పెళ్ళి రేటు తగ్గించడు, ఏ పెళ్ళి పెద్దా అడగడు. కాబట్టి 2019లో తగ్గిన పన్ను మేలు ప్రధానంగా చేరింది కొత్తగా కెమెరా కొన్న ఫోటోగ్రాఫర్‌కే. అది తప్పేమీ కాదు. 5,000 రూపాయలు అంటే అప్పు తెచ్చి మొదలుపెట్టేవాడికి ఒక వాయిదా.

7. కొనేటప్పుడు గమనించవలసినవి

అప్పు కోసం బ్యాంకుకు లేదా కార్పొరేషన్‌కు కొటేషన్ ఇచ్చేటప్పుడు అది పన్నుతో కలిపిన ధరా, పన్ను అదనమా అన్నది చూసుకోవాలి. లక్షకు అప్పు మంజూరయ్యాక దుకాణంలో 1,18,000 అడిగితే మిగతా 18,000 కోసం మళ్ళీ వడ్డీకి తేవాల్సి వస్తుంది. ముద్ర పథకంలో 'శిశు' రుణం 50,000 వరకు, 'కిశోర్' రుణం 5 లక్షల వరకు ఉంటుంది. ఏది అడగాలో ముందే లెక్క వేసుకోవాలి.

బిల్లు లేకుండా చవకగా ఇస్తామంటే ఆగి ఆలోచించాలి. పన్ను మిగిలిందనిపిస్తుంది కానీ కంపెనీ వారంటీ పోతుంది. దొంగ సామాను అయితే పోలీసు గొడవ. పెట్టె మీద దిగుమతిదారు పేరు, నెల, గరిష్ఠ చిల్లర ధర ఉండాలి. ఆ ధర కన్నా ఎక్కువ తీసుకోవడం చట్టరీత్యా నేరం.

వాడిన కెమెరా కొనడం మొదటిసారి పనిలోకి దిగేవారికి మంచి దారి. పాత సామాను వ్యాపారి కొన్నప్పుడు పన్ను మినహాయింపు తీసుకోకపోతే, కొన్న ధరకు అమ్మిన ధరకు మధ్య తేడా మీదే పన్ను కట్టవచ్చు. 30,000కు కొని 35,000కు అమ్మితే 5,000 మీదే పన్ను. అయితే అది ఎన్ని క్లిక్కులు తిరిగిందో అడిగి తెలుసుకోవాలి. కోఠి, ఆబిడ్స్ వైపు వెళ్ళేవారు ఒక్క దుకాణంతో ఆగకుండా నాలుగు చోట్ల అడగాలి.

8. ముగింపు

కెమెరా ధరలో జపాన్ ఫ్యాక్టరీ ఖర్చు ఉంది, డాలరు ఉంది, ఢిల్లీ, హైదరాబాద్ ప్రభుత్వాల పన్ను ఉంది. వీటిలో సిలికాన్ బిళ్ళ ఖర్చును మనం మార్చలేం. పన్ను మాత్రం మనుషులు కూర్చుని నిర్ణయించేది. 28ని 18 చేసింది ఒక సమావేశం. పనిముట్టును విలాస వస్తువు నుంచి వేరుగా చూడమని అడిగే హక్కు పన్ను కట్టే అందరికీ ఉంది, అంటే మనకూ ఉంది. అడగాలంటే ముందు లెక్క రావాలి. మన హాస్టల్ నుంచి రేపు వాణిజ్య పన్నుల అధికారులు, ఆడిటర్లు, అధ్యాపకులు కావాలని, అప్పటిదాకా ఇంట్లోకి వచ్చే ప్రతి బిల్లూ మీరే చదివి పెద్దవాళ్ళకు వివరించాలని కోరుకుంటున్నాను.

అభ్యాసం

1. పన్నుకు ముందు ధర రూ. 35,000 ఉన్న లెన్సుకు 18 శాతం పన్నుతో బిల్లు ఎంత?
2. పన్నుతో కలిపి రూ. 82,600 ఉన్న కెమెరాలో పన్ను ఎంత? (సూచన: 118తో భాగించాలి.)
3. స్థిర వ్యయం 50 కోట్లు. అమ్మకాలు 5 లక్షల నుంచి 2 లక్షలకు పడిపోతే ఒక్కో కెమెరాపై భారం ఎంత పెరుగుతుంది?
4. మీ ఊరి ఫోటోగ్రాఫర్‌ను, టైలర్‌ను, సెల్‌ఫోన్ రిపేరు చేసే అన్నను కలిసి, వారి పనిముట్లపై ఎంత పన్ను కట్టారో బిల్లులు చూసి రాసుకోండి.

- ఒక పూర్వ విద్యార్థి, ఎం.ఏ. (ఆర్థికశాస్త్రం)